శ్రీశైలం మెట్లదారిలో

కాశీ వెళ్ళిరావడానికి ఇప్పుడు రైల్లో నాలుగైదు రోజులు చాలు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారికి పదిహేను నెలల పైనే పట్టింది. 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెంట దాదాపు వందమంది. ఏ మజిలీలో మంచినీళ్ళున్నాయో, ఎక్కడ సరుకులు దొరుకుతాయో అన్నీ రాసుకుంటూ పోయారాయన. చెప్పొద్దూ, అది చదువుతుంటే వంటింటి బరువు తెలిసిన మనిషే అనిపించింది నాకు. 1838లో అది ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చయింది.

ఆయన శ్రీశైలం వెళ్ళిన నల్లమల దారి ఇప్పటికీ ఉంది. ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. వీరాస్వామయ్యగారి రోజుల్లో కందనూరు నవాబు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవాడు. ఇప్పుడు బస్సులున్నా శివరాత్రికీ, ఉగాదికీ జనం నడిచే వెళతారు. ఒక ఉగాది ముందు నేనూ నడిచాను.

పుస్తకంలో చదివిన దారి చూద్దామని వెళ్ళానంతే. భీముని కొలను లోయలోకి దిగేసరికి మోకాళ్ళు వణికాయి. ఎక్కడమే కష్టమనుకుంటాం గానీ, దిగడం ఇంకా కష్టమమ్మా! కొలను దగ్గర చెట్టునీడన కూలబడితే, రాయచూరు వైపు నుంచి వచ్చిన ఓ పెద్దావిడ నాకు జొన్నరొట్టె ముక్క, వేరుశెనగ పొడి పెట్టింది. కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుంది. ఒళ్ళో చిన్న మూట.

“ఏముందవ్వా అందులో?” అన్నాను.

“చీర. మా ఆడపిల్లకు” అంది.

భ్రమరాంబను కన్నడంవాళ్ళు తమ ఇంటి ఆడపడుచు అంటారు. చెంచులేమో మల్లన్న మా అల్లుడంటారు. ఇవన్నీ నాకు తెలిసినవే. రేడియోలో చెప్పాను కూడా. కానీ ఆవిడ, “ఏడాదికోసారి పుట్టింటివాళ్ళు రాకపోతే పిల్ల చిన్నబుచ్చుకోదూ?” అంటే నాకు రొట్టె గొంతు దిగలేదు.

మామగారు పోయాక పంపకాల దగ్గర మాటామాటా పెరిగి, మా ఆడపడుచు మా గడప తొక్కి ఏడేళ్ళు. తప్పు ఆవిడదేనని ఇరుగుపొరుగుకు చెప్పి ఒప్పించినదాన్ని నేనే. పండక్కి పిలవలేదు. పసుపు కుంకుమ పంపలేదు.

ఆ తరువాత ఎక్కిన మెట్లెన్నో గుర్తులేదు. అవ్వ ముందు, నేను వెనక.

తిరుగు ప్రయాణంలో ఆత్మకూరు బజారులో ఒక నేతచీర కొన్నాను, ఆకుపచ్చకు ఎర్రంచు. మావారు చూసి, “నీకా?” అన్నారు. కాదన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా మా ఆడపడుచు ఊరికి బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి వెళ్ళారు.