చక్కిలం కొరికినప్పుడు మనసెక్కడుంటుంది?

కరకరలాడే చక్కిలం కొరికితే రూపం, చప్పుడు, వాసన, రుచి, స్పర్శ అన్నీ ఒక్కసారే తెలిసినట్టుంటుంది. నిజంగా ఒక్కసారేనా? మన తార్కికులు శతాబ్దాల తరబడి పోట్లాడుకున్న ప్రశ్న ఇది. వాళ్ళ గ్రంథాల్లో శష్కులి పేరుతో ఈ పిండివంటే ఉదాహరణ.

కాదన్నాడు న్యాయసూత్రకారుడు గౌతముడు. కళ్ళూ చెవులూ తెరిచే ఉన్నా రెండు జ్ఞానాలు ఒకే క్షణంలో పుట్టవు; కాబట్టి ఇంద్రియాలు కాక మనసనేది ఒకటుండాలి, అది అణువంతే ఉండాలి. మరి ఒక్కసారే అనిపిస్తుందేం? కొరివిని గిరగిరా తిప్పితే నిప్పుల చక్రం కనబడదూ! భాట్ట మీమాంసకులు ఒప్పుకోలేదు, మనసు విభువు, అంటే అంతటా వ్యాపించినదన్నారు. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో అణువు పక్షమే వహించాడు. తర్కం మొదలుపెట్టేవాళ్ళు ఇప్పటికీ ఆ పుస్తకమే పడతారు.

వాదం ఎంత పదునైనదైనా ఆ క్షణం ఎంతసేపో చెప్పలేదు. దానికి గడియారం కావాలి. 1796లో గ్రీనిచ్ వేధశాల అధిపతి మాస్కెలిన్ తన సహాయకుడు కిన్నెబ్రుక్‌ను కొలువులోంచి తీసేశాడు. గడియారం టిక్కులు చెవితో వింటూ, నక్షత్రం దూరదర్శినిలోని తీగను దాటడాన్ని కంటితో పట్టాలి. అతని లెక్క అధిపతి లెక్కకన్నా 0.8 సెకను వెనకబడింది. పాపం, తప్పు అతనిది కాదు. ఈ తేడా ఏ ఇద్దరి మధ్యనైనా ఉంటుందని తర్వాత ఖగోళవేత్త బెస్సెల్ తేల్చాడు. 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో సంకేతం వేగాన్ని కొలిచాడు: సెకనుకు సుమారు 30 మీటర్లే. 1861లో మనస్తత్వవేత్త వుంట్ లోలకంతో, గంటతో పరీక్షించి, ధ్యాస చూపు మీదా శబ్దం మీదా ఒకేసారి నిలవదన్నాడు. 1952లో మనస్తత్వవేత్త వెల్‌ఫర్డ్ దీన్నే ఒక్కరే పట్టే ఇరుకు దారిగా వివరించాడు.

అయితే ఇదంతా మనవాళ్ళు ముందే కనిపెట్టేశారనడం నాకు నచ్చదు. అణువంత మనసును ఏ ప్రయోగశాలా చూడలేదు. గౌతముడు కనిపెట్టింది ప్రశ్నను. అడిగిన తీరు సరిగ్గా ఉంది కాబట్టే గడియారంతో కొలవగలిగే ప్రశ్న అయింది. ఆ ఇరుకు దారి అవతల ‘నాకు తెలుస్తోంది’ అనుకునేదెవరో మాత్రం ఏ గడియారమూ ఇంకా చెప్పలేదు. అక్కడ తార్కికుడికి పని మిగిలే ఉంది.

ఆ ఇరుకు దారి మాత్రం మన రోజువారీ బతుకులోనూ ఎదురవుతుంది. 2001లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పరిశోధకులు స్ట్రేయర్, జాన్‌స్టన్ నమూనా డ్రైవింగ్ చేయిస్తూ జనం చేత ఫోన్ మాట్లాడించారు. ఎర్రలైట్లను ఎక్కువగా గమనించలేదు, బ్రేకు ఆలస్యంగా పడింది. ఫోన్ చేతిలో ఉన్నా, చేతులు ఖాళీగా ఉన్నా ఫలితం ఒక్కటే.