గొల్ల సుద్దుల్లోకి దొర ఎలా వచ్చాడు

ఆలేరు నియోజకవర్గంలో, గుండాల మండలంలో ఉంది సుద్దాల. నిజాం కాలంలో ఈ చుట్టుపక్కల ఊళ్లలో దొర కబురు పెడితే చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలియ్యాలి, గొల్ల తన మందలోంచి గొర్రెను తోలియ్యాలి. అన్నీ ఉత్తినే. అదే వెట్టి.

జనం సంఘమని పిలిచిన ఆంధ్రమహాసభలో పనిచేసిన, ఆ ఊరి సుద్దాల హనుమంతు వెట్టి గురించి ఊళ్లకు చెప్పడానికి ఉపన్యాసాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేదు. గొల్ల సుద్దులను పట్టుకున్నారు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఒకరు కథ నడుపుతుంటే పక్కవాళ్లు వంత పాడతారు, అడ్డు ప్రశ్నలు వేస్తారు, నవ్విస్తారు. ఆ వేషాన్నీ నడకనూ అలాగే ఉంచి, పాత కథ స్థానంలో దొర గడీని, సంఘాన్ని నిలబెట్టారు హనుమంతు. గొర్రెను పోగొట్టుకున్న గొల్ల కళే గుంజుకున్నవాణ్ణి నిలదీసింది! జనానికి కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది. ఆ దరువు వాళ్లదే. 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులకు బలయ్యాక దొరల మీద పోరు సాయుధమైంది. 1951 దాకా పాట దాని వెంటే నడిచింది.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లోనూ ఇలాగే ఉన్నదానితోనే పుట్టింది హిప్‌హాప్. నల్లవారి పేటలకు బ్యాంకులు అప్పులివ్వలేదు, ఇళ్ల మధ్య నుంచి పెద్ద రహదారి వేశారు, భవనాలు తగలబడ్డాయి. జమైకా నుంచి వచ్చిన కూల్ హెర్క్ 1973 ఆగస్టు 11న, చెల్లెలు పెట్టిన పార్టీలో పాటలు వేశాడు. పాటలో డ్రమ్ము ఒక్కటే మోగే ముక్కను, ఒకే రికార్డు రెండు ప్రతులతో మళ్లీ మళ్లీ సాగదీయడం అతని పనితనం. ఆ దరువు మీదికి మాట ఎక్కింది. మొదట అది సరదా మాటే. 1982లో ‘ది మెసేజ్’ వచ్చేసరికి పేట బతుకే పాటయింది. 1988లో ఎన్.డబ్ల్యూ.ఏ. బృందం లాస్ ఏంజిలెస్ పోలీసుల దౌర్జన్యం మీద పాడింది; వినాల్సినవాళ్లు అందులో బూతులే విన్నారు. రోడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి చావబాదిన పోలీసులు శిక్ష తప్పించుకున్న 1992లో ఆ నగరం మండింది.

బ్రాంక్స్ పాట ఆరేళ్లకే రికార్డయి అంగళ్లకెక్కింది. హనుమంతు పాట మాత్రం దశాబ్దాల పాటు నోటి నుంచి నోటికే నడిచింది. దొర పసులు కాసే జీతపు పిల్లవాడి మీద ఆయన కట్టిన ‘పల్లెటూరి పిల్లగాడా’ను గౌతం ఘోష్ ‘మా భూమి’ సినిమాలోకి తీసుకున్నారు. అప్పటికి పోరాటం ఆగి మూడు దశాబ్దాలు కావస్తోంది, జీతగాళ్ల పిల్లలు ఇంకా పసుల వెంటే ఉన్నారు.