కట్టని చేతిగడియారము

పాతవస్తువులను సేకరించువారికి వాడి అరిగిన వస్తువు దొరికినప్పుడు, దానిని వాడిన మనిషి మనస్సున మెదలును. ఎవరును వాడని పాతవస్తువు దొరికినప్పుడు, దానిని చేసిన చేతులు కన్నుల గట్టును. ఈ రెండవ ఆనందము అరుదు. అనంతపురమునకు పొరుగుననున్న బెంగుళూరులో పుట్టిన చేతిగడియారమును తీసికొని ఈ సంగతిని ముచ్చటించెదము.

భారత ప్రభుత్వము 1953లో బెంగుళూరున హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థను స్థాపించినది. యంత్రములను చేయు యంత్రములే దాని మొదటి సరుకు. 1961లో జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో ఆ సంస్థ చేతిగడియారముల నిర్మాణమునకు పూనుకొన్నది. మొదటి గడియారములను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేసిరి. వాటిలో పేరుపొందిన ‘జనతా’ రకమున ఆర్భాటమేమియు లేదు. లోపల 17 కెంపురాళ్ళు, దినమున కొకసారి కీ, అంతే. అల్లునికి పెండ్లి కానుకగా, పరీక్ష నెగ్గిన పిల్లవానికి బహుమతిగా అట్టి గడియారములు ఇండ్లలో ప్రవేశించినవి. రేడియోలో సమయసూచిక మ్రోగగానే ముల్లు సరిచేసికొనుట ఎన్నియో ఇండ్లలో నిత్యకృత్యమైనది.

క్వార్ట్జు గడియారములు వచ్చిన పిదప కీ గడియారమునకు గిరాకి తగ్గినది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గము హెచ్.ఎం.టి. వాచెస్ సంస్థ మూసివేతకు ఆమోదము తెలిపినది. అమ్ముడుపోక సొరుగులలో మిగిలిన గడియారములకై నాటినుండి సేకర్తల వెదకులాట హెచ్చినది.

దొరికినది నిజముగా కట్టనిదే యని తెలియుటెట్లు? పట్టా తగిలించు కొమ్ముల లోపలివైపున గీతలుండరాదు. కీ త్రిప్పు గుబ్బ పళ్ళు అరిగియుండరాదు. వెనుక మూతపై అక్షరములు చెమటకు చెడక స్పష్టముగా నిలువవలెను. పాత ముఖమునకు క్రొత్తరంగు పూసి అమ్మువారును కలరు. అంకెలు ముద్దగానో వంకరగానో ఉన్నచో సందేహింపవలెను.

ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మన మెట్టసీమలో, పొడిగాలి గడియారమును త్రుప్పునుండి కాపాడును. ఆ పొడిగాలియే వేరుసెనగ చేనును ఎండగట్టును. పంట చేతికిరాని ఏట రైతు కొనలేక వదలిన గడియారమే నేడు సేకర్తకు నిధిగా దొరకియుండవచ్చును. ఆ తలంపు రాగానే ఆనందమునకు కొంత బరువు తోడగును.

దొరికిన ఉత్సాహమున వెంటనే కీ ఇచ్చి నడుపరాదు. ఏండ్లు గడచుటచే లోపలి నూనె ఎండియుండును. నడిపినచో ఇరుసులు అరిగిపోవును. నిపుణునిచేత విప్పించి, శుభ్రపరచి, క్రొత్తనూనె వేయింపవలెను.

ఇక కట్టవలెనా, దాచవలెనా? చరిత్రకు సాక్ష్యము కావలెను గనుక, ముందుగా ఛాయాచిత్రము తీసి, వెనుకనున్న అంకెలు వ్రాసికొని, పెట్టెను, హామీ చీటిని భద్రపరుపవలెను. అటుపిమ్మట నిస్సంకోచముగా చేతికి కట్టుకొనవలెనని మా అభిప్రాయము. జనులకొరకు చేసిన గడియారము జనుల నడుమ నడచుటే న్యాయము.