ఇంటి కుండయు గీతకత్తియు: మన వృత్తిపరికరముల చరిత్రము

కులచరిత్రములు వ్రాయువారు సాధారణముగా రాజుల పేళ్లతోను, గోత్రముల పట్టికలతోను ప్రారంభింతురు. మేమీ వ్యాసమున నా మార్గము త్రొక్కలేదు. మన గీతకులము ఏ ఋషి సంతతియో విచారించుటకంటె, మన పెద్దలు ఏ పనిముట్లతో బ్రదికిరి, వాని నెవరు చేసిరి, అవి యిప్పుడేమైనవి యని విచారించుటయే యెక్కువ ప్రయోజనకరమని మా నమ్మకము. ఒక వృత్తియొక్క మర్యాద దాని పరికరములయందు కనబడినంత స్పష్టముగా వంశవృక్షములయందు కనబడదు.

మనకు పేళ్లు పెక్కులు. ఒకచోట ఈడిగలమని, ఒకచోట గమళ్లమని, గౌడలమని, గోదావరీ మండలములలో శెట్టిబలిజలమని, ఉత్తరమున శ్రీశయనులమని పిలువబడుచున్నాము. 1909లో థర్స్టన్ దొర ప్రకటించిన దక్షిణదేశపు కులములు, తెగలు అను ఏడు సంపుటముల గ్రంథమున ఈడిగలకును గమళ్లకును వేర్వేరు పుటలు గలవు. ఆచారవ్యవహారములు తెలిసికొనుటకు ఆ పుటలు పనికివచ్చును గాని, లొట్టి నెట్లు కట్టుదురో నేర్చుకొనుటకు చాలవు. పేళ్లు వేరైనను చెట్టెక్కు త్రాడు ఒక్కటే, కోయు కత్తి ఒక్కటే, పట్టు కుండ ఒక్కటే. కావున మన యైకమత్యమునకు పేరుకంటె పనిముట్టే మంచి సాక్ష్యము.

బిట్రగుంట నెల్లూరునకును కావలికిని నడుమ, బోగోలు మండలమున, సముద్రమునకు చేరువగా నున్నది. ఇట్టి కోస్తానేలలో ఇసుకదిబ్బలమీదను, పొలముగట్లమీదను తాడి, ఈత చెట్లు స్వేచ్ఛగా పెరుగును. లోకమునకు మాత్రము ఈ యూరు రైల్వేషెడ్డువలననే తెలియును. ఆవిరియింజనుల కాలమున బిట్రగుంట పేరెత్తినచో బొగ్గు, నిప్పు, నీరు స్ఫురించుచుండెను. మేము చెప్పబోవు విషయమునను నీరు, వేడి, పాత్ర అను మూడే ముఖ్యములు. కావున ఈ ప్రాంతపు పాఠకులకు ఇది దుర్గ్రాహ్యము గాదు.

మొదట చెట్టునొద్ది పనిముట్లను చూతము. మోకు అనునది గీతగాని నడుమును చెట్టును కలిపి చుట్టు బలమైన త్రాడు. ప్రాణమంతయు దానిమీదనే యుండును. కాళ్లకు వేసికొను బంధము రెండవది. నడుమునకు వ్రేలాడు కత్తులపొది మూడవది. అందలి గీతకత్తి వెడల్పుగాను, పలుచగాను, క్షురమువలె వాడిగాను ఉండవలెను. గెలచివర దినదినము సన్నని పొర మాత్రమే తీయవలయును. మందముగా కోసిన గెల త్వరగా తరిగిపోవును, మొండికత్తితో కోసిన గాయము నలిగి రసము సరిగా దిగదు. అందులకే చెక్కపలకపై సన్నని యిసుక చల్లి కత్తిని నూరుచుందురు. నాల్గవది లొట్టి. ఇనుము కమ్మరి యిచ్చెను, మట్టికుండ కుమ్మరి యిచ్చెను. తక్కినదంతయు, నార పేనుట, ముడి వేయుట, పొది కుట్టుట, కుండమెడకు ఉరి కట్టుట, గీతగాని యింటిలోనే జరిగెడి పని. కుమారుడు తండ్రియొద్ద నేర్చిన మొదటిపాఠము చెట్టెక్కుట గాదు, త్రాడు పరీక్షించుట.

ఈ కుండలో జరుగునది యేమి? తాటిరసమున నూటికి పది పండ్రెండుపాళ్ల చక్కెర ప్రకృతిసిద్ధముగా నుండును. గాలిలోను, గెలమీదను, నిన్నటి కుండ యడుగునను ఉన్న పులియజేయు సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని మద్యసారముగా మార్చును. కొన్ని గంటలలోనే పులుపు మొదలిడును. ఒకటి రెండు దినములు గడచిన నది పుల్లనీరగును. కుండలోపల సున్నము పూసినచో ఆ జీవులు పెరుగజాలవు. రసము తీపిగానే నిలిచి బెల్లపు పొయ్యికి చేరును. ఒక్క సున్నపుపూతతో బెల్లమో కల్లో నిర్ణయించు ఈ విద్యను మన పెద్దలు ప్రయోగశాలలు పుట్టక పూర్వమే యెఱిగియుండిరి.

ధాన్యముతో పానీయము చేయువారి కష్టము వేరు. బార్లీలో నున్నది పిండిపదార్థమే గాని చక్కెర గాదు. పిండిని సూక్ష్మజీవులు తినజాలవు. కావున గింజలను తడిపి మొలకెత్తించి, ఆరబెట్టి, నలిపి, వేడినీట నానవేయుదురు. ఆ నీరు ఇంచుమించు 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో ఒక గంటసేపు నిలువవలెను. అంతకు మిక్కిలి పెరిగిన మొలకలోని పాచకశక్తి నశించును. మిక్కిలి తగ్గిన పిండి పిండిగానే యుండును. దీనినే ఇంగ్లీషువారు మాషింగు అందురు. అటుపిమ్మట వడగట్టి, హాపు పూలతో కాచి, చల్లార్చి, పులియజేసిన నది బీరగును. నేడు పాశ్చాత్యదేశములలో పెక్కుమంది గృహస్థులు ఈ పాత్రను స్వయముగా చేసికొనుచున్నారు. పానీయములు చల్లగా నుంచు పెట్టెను వేడి పోకుండ నుంచుటకు వాడుదురు. దాని యడుగున రంధ్రములు చేసిన రాగిగొట్టమమర్చి, పొట్టు పైన నిలిచి రసము క్రిందికి దిగునట్లు చేయుదురు. వారు పెట్టెతోను గొట్టముతోను సాధించు చక్కెరను మనకు చెట్టే సిద్ధముచేసి యిచ్చుచున్నది. మన మాషుపాత్ర తాటిచెట్టు తలయే యని చెప్పిన తప్పులేదు.

అంతమాత్రమున ధాన్యమును పులియబెట్టు విద్య మనదేశమునకు క్రొత్త యనరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణమున మేదకమను పానీయమునకు కొలత గలదు: ఒక ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థములు కిణ్వము. ద్రోణమనగా పదునారు ప్రస్థములు. కావున నీరు పదునారుపాళ్లు, బియ్యము రెండు, పులియజేయు ముద్ద మూడు. ఆ కిణ్వమును మినుపపిండితోను బియ్యముతోను చేయవలెనని కూడ నందే కలదు. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి. మద్యమును రాజు గట్టిగా తన యదుపులో నుంచుకొన్న ఆ శాస్త్రమే, శుభకార్యములయందు గృహస్థులు తమ యింట శ్వేతసుర చేసికొనవచ్చుననియు, ఉత్సవములకు, యాత్రలకు నాలుగుదినములు సెలవీయవలెననియు చెప్పినది. ఖజానాకు ఖజానా, ఇంటికుండకు ఇంటికుండ!

తెలుగిండ్లలో తరవాణికుండ నెఱుగనివారెవ్వరు? అన్నపుగంజి పులిసి వేసవిని చలువచేయు నా కుండ వైదికుల యింటను గలదు, కాపుల యింటను గలదు. మొలకెత్తించిన రాగులు విసరి పసిబిడ్డలకు కాచిపోయుట తల్లులకందఱకు తెలిసినదే. రైల్వేకాలనీల ఆంగ్లో ఇండియను కుటుంబములలో క్రిస్టమసునకు జాడీలలో ద్రాక్షరసము పులియబెట్టుట వాడుక. దొరల కాలమున చెన్నరాజధానిలో రొట్టెలపిండి పొంగుటకు కల్లునే కలిపెడివారు. పులియబెట్టుట అందఱి విద్య; దానికై నింద మోసినది మాత్రము మనమొక్కరమే. ఈ యన్యాయము నెత్తిచూపుటకే మేమీ యుదాహరణముల నిచ్చితిమి.

ఇంటికుండ ప్రభుత్వపు పద్దులలోని కెక్కిన చరిత్రము కొంత తెలిసికొనదగినది. చెన్నరాజధానిలో 1808 నాటి రెగ్యులేషనుతో మద్యపు హక్కును గుత్తకిచ్చు పద్ధతి బలపడెను. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టముతో నది సమగ్రమాయెను. చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము, కాపునకు లైసెన్సు ఏర్పడెను. చెట్టెక్కువాడొకడు, పాటపాడి దుకాణము గెలుచువాడొకడు, లాభము తినువాడు వేఱొకడు నైరి. మన కులమున ధనికుడగు గుత్తదారునకును మోకు మోయు కూలికిని నడుమ నేర్పడిన యగాధము నాటిదే. ఇంగ్లండులోను ఇంచుమించు ఆ కాలముననే, 1880లో, ఇంట బీరు కాచుకొనువారికి లైసెన్సు విధించిరి. అయితే వారు 1963లో దానిని తొలగించుకొనిరి. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకముచేసిన చట్టము గృహస్థునకు సొంతవాడుకకై బీరు కాచుకొను హక్కునిచ్చెను. మనకు 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ చట్టమున లైసెన్సు లేని కాపు నేరమే. ఆ నియమమును ధిక్కరింపుడని మేము చెప్పుటలేదు. చట్టము మాఱుటకు ముందు ఆ పరికరపు జ్ఞానమైనను నిలిచియుండవలెనని చెప్పుచున్నాము.

మద్యనిషేధము మనవారిని రెండువిధముల పరీక్షించినది. 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మొదలైన నిషేధము 1948 అక్టోబరు 2 నాటికి చెన్నరాష్ట్రమంతట వ్యాపించెను. సున్నపుకుండతో తీపిరసము తీసి బెల్లము వండుకొనుడని కొందఱికి లైసెన్సులిచ్చిరి. సంకల్పము గొప్పదే; కాని పొట్టగడువక గీతకార్మికులు పడిన బాధ చిన్నది గాదు. గౌతు లచ్చన్నగారు వారి పక్షమున పోరాడిరి. 1954 నవంబరులో ప్రకాశముగారి యాంధ్రప్రభుత్వము నిషేధపు ప్రశ్నపై ఒక్క వోటుతో పడిపోయెనన్న నీ సమస్య యెంతటిదో గ్రహింపవచ్చును.

రెండవ పరీక్ష మన నెల్లూరుజిల్లాలోనే జరిగినది. 1980ల నాటి వారుణివాహిని విధానముతో సారా ప్లాస్టికు సంచులలో పల్లెపల్లెకు వచ్చెను. అది చెట్టునుండి వచ్చినది గాదు, కుండలో పులిసినది గాదు, కార్ఖానానుండి వచ్చినది. కూలిడబ్బు దుకాణమున కరగిపోగా, అక్షరాస్యతోద్యమమున చదువు నేర్చిన తల్లులు దూబగుంటలో తిరుగబడిరి. దూబగుంట రోశమ్మగారి పేరు దేశమంతట మ్రోగెను. 1993 ఏప్రిలులో జిల్లాలోను, అక్టోబరులో రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. ఆ తల్లులు చెప్పినది నిజము. దానిని కాదనుట మన కులమునకు గౌరవము గాదు. త్రాగుడువలన చెడిన యిల్లు మన వాడలలోను గలదు. కాని సారాసంచికిని చెట్టు క్రింది ముంతకును గల భేదమును చెప్పగలవారు మనము గాక మఱెవ్వరు? ఆ భేదమును చెప్పవలెనన్న మన ముంత శుద్ధమై యుండవలెను. క్లోరలు హైడ్రేటును, నిద్రమాత్రల మందును నీళ్లలో కలిపి కల్లని యమ్ముట పలుచోట్ల బయటపడినది. చెట్టులేని కల్లునమ్మువాడు చట్టమునకే గాక మోకుమీద ప్రాణములు విడిచిన మన పెద్దలకును ద్రోహి.

2024లో మన రాష్ట్రప్రభుత్వము మద్యపు దుకాణములలో నూటికి పది గీతకులములకు కేటాయింప నిశ్చయించెను. సంతోషమే. కాని యది సీసాలమ్ము హక్కు, గీతవిద్య గాదు. దుకాణము చేతికి వచ్చుచుండగా కత్తి చేజారుచున్నది. మట్టిలొట్టికి మారుగా ప్లాస్టికు డబ్బా వచ్చెను, నారమోకునకు మారుగా నైలాను వచ్చెను. ప్రాణరక్షణకు పనికివచ్చు మార్పును మేము నిందింపము. మంచి త్రాడెక్కడిదైన మంచిదే. పాతదాని కొలతయైనను వ్రాసియుంచక పాఱవేయుటయే మాకు విచారకరము.

ఆవిరియింజను పోయినది, కాని దాని చక్రమును, కొలిమిని, మీటను 1977లో ఢిల్లీలో తెఱచిన రైలు మ్యూజియమున పిల్లలు చూచుచున్నారు. ఇంజనుకు కార్ఖానా పద్దులుండెను, నకాసులుండెను. మన పరికరములు ఇంట పుట్టినవి గనుక వానికి పద్దులు లేవు. ప్రభుత్వము చెట్లను లెక్కించెను, పన్నును లెక్కించెను. మోకుముడిని ఎవ్వరును లెక్కింపలేదు. ఆ పని మనదే. ప్రతిగ్రామమున వృద్ధులైన గీతకార్మికులయొద్దకు మన విద్యార్థులు పోయి, ఒక్కొక్క పనిముట్టు పేరు, ఆ యూరి పలుకుబడితో, పొడవు వెడల్పులతో, చేయు విధముతో వ్రాసికొని రావలెను. పాత కత్తి యొకటి, లొట్టి యొకటి, మోకు ఒకటి సంఘభవనమునకు చేర్పవలెను. దానికి పెద్ద నిధి యక్కరలేదు. ఒక పుస్తకము, ఒక కొలతత్రాడు, వినుటకు ఓపిక చాలును. చెట్టెక్కజాలని పెద్దలు చెప్పగలిగియుండగానే ఈ పని ముగింపవలయునని సోదరసోదరీమణులకు మా విన్నపము.