మన్రోవిల్ పాత కోర్టు

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మా మన్రోవిల్ చిన్న ఊరు. జనాభా ఆరు వేలకు అటూ ఇటూ. అయినా దూరదేశాల నుంచి జనం వెతుక్కుంటూ వస్తారంటే అది ఎక్కువగా ఊరి నడిబొడ్డున ఉన్న పాత కోర్టు కోసమే. ఎర్ర ఇటుక గోడలు, పైన తెల్లని గోపురం, అందులో గడియారం, చుట్టూ పచ్చిక. హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ చదివినవాళ్లకు ఈ ఆవరణ ముందే పరిచయం.

మన్రో కౌంటీ 1815లో ఏర్పడింది. దాని కేంద్రం మొదట అలబామా నది ఒడ్డున క్లేబోర్న్‌లో ఉండేది. 1832లో ఇక్కడికి మారింది. ఇప్పుడున్న భవనం పని మొదలైంది 1903లో. ఆండ్రూ బ్రయాన్ అనే వాస్తుశిల్పి కోర్టు హాలును అండాకారంలో కట్టించాడు. హాలుకు పైన బాల్కనీ ఉంది. ఒకప్పుడు నల్లవాళ్లు అక్కడే కూర్చోవాల్సి వచ్చేది, కింద తెల్లవాళ్లు. అంటరానితనాన్ని ఎరిగిన దేశం నుంచి వచ్చిన మనకు ఆ బాల్కనీ అర్థం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

హార్పర్ లీ తండ్రి ఎ.సి.లీ ఈ ఊళ్లో ప్లీడరు, స్థానిక పత్రిక సంపాదకుడు కూడా. 1919లో హత్యానేరం మోపబడిన ఇద్దరు నల్లవాళ్ల తరఫున ఆయన వాదించాడు. వాళ్లు తండ్రీకొడుకులు. ఇద్దరికీ ఉరి పడింది. ఆ తర్వాత ఆయన మరే క్రిమినల్ కేసూ పట్టలేదంటారు.

1934లో వాల్టర్ లెట్ అనే నల్లజాతి కూలీని, తెల్ల స్త్రీపై అత్యాచారం చేశాడన్న అభియోగంపై ఇక్కడే విచారించి మరణశిక్ష వేశారు. అతని నేరం మీద ఊళ్లోనే కొందరికి అనుమానాలు కలిగాయి. అర్జీలు వెళ్లాక గవర్నరు శిక్షను యావజ్జీవానికి తగ్గించాడు. ఈలోగా మరణశిక్ష ఎదురుచూపుల్లోనే లెట్‌కు మతి చెదిరింది. పిచ్చాసుపత్రికి తరలించారు. 1937లో అక్కడే క్షయతో చనిపోయాడు. హార్పర్ లీకి అప్పటికి పదకొండేళ్లు.

చేయని నేరానికి విచారణ ఎదుర్కొన్న నల్లవాడి తరఫున వాదించే ప్లీడరు కథగా 1960లో ఆమె నవల వచ్చింది, మరుసటేడు పులిట్జర్ బహుమతి పొందింది. సినిమా తీసేటప్పుడు కళాదర్శకుడు హెన్రీ బమ్‌స్టెడ్ ఇక్కడికి వచ్చి హాలు కొలతలు తీసుకుని, హాలీవుడ్‌లో అచ్చంగా అలాంటిదే నిలబెట్టాడు. ఆ పనికి ఆస్కార్ వచ్చింది. 1963లో పక్కనే కొత్త కోర్టు కట్టి కేసులన్నీ అక్కడికి మార్చారు. పాతదాన్ని కూల్చకుండా కాపాడుకోగలిగారంటే అందులో నవల పుణ్యం చాలా ఉంది. ఇప్పుడది మ్యూజియం. ఏటా వసంతంలో ఊరివాళ్లే ఆ కథను నాటకంగా ఆడతారు. మొదటి భాగం పచ్చిక మీద, విచారణ ఘట్టం అసలు కోర్టు హాల్లో. ప్రేక్షకుల్లోంచి కొందరిని పిలిచి జ్యూరీ కుర్చీల్లో కూర్చోబెడతారు.

నవలలోని ప్లీడరు అట్టికస్ ఫించ్ పేరిట అలబామా న్యాయవాదుల సంఘం 1997లో ఇక్కడ స్మారక శిల నిలిపింది. పుట్టని మనిషికి దక్కిన గౌరవమది, సంతోషమే. కానీ అంతకు పదేళ్ల ముందే ఇదే ఊరి నల్లజాతి మనిషి వాల్టర్ మెక్‌మిలియన్‌ను చేయని హత్యకు అరెస్టు చేశారు. 1988లో పొరుగు కౌంటీలో జరిగిన విచారణలో జ్యూరీ యావజ్జీవం చాలంది. జడ్జి దాన్ని తోసిపుచ్చి మరణశిక్ష వేశాడు. బ్రయాన్ స్టీవెన్‌సన్ అనే యువ న్యాయవాది పోరాడి 1993లో ఆయనను విడిపించాడు. నవలను గుండెలకు హత్తుకున్న ఊళ్లో కూడా నవల చెప్పిన మాట ఆయనను కాపాడలేకపోయింది.

అందుకే మా ఇంటికి వచ్చిన చుట్టాలను నేను ముందు బాల్కనీకి తీసుకెళ్తాను. లెట్ సంగతి, మెక్‌మిలియన్ సంగతి చెప్పాకే కిందికి దిగి శిల చూపిస్తాను. ఈ కట్టడాన్ని కథ కాపాడింది. నిజంగా శిక్షపడ్డవాళ్ల పేర్లు నిలబెట్టాల్సింది మాత్రం ఈ ఊళ్లో ఉంటున్న మేమే.