అప్పు ఇచ్చువారి సంఘము



నేను పెదబయలు ప్రాంతమున బడిపంతులుగా నున్న దినములలో, ఒక సంతనాడు ముసలి గిరిజనుడొకడు మడతలుపడిన కాగితమును నా చేతికిచ్చి, “బాబూ, ఇంకా ఎంత ఉందో సూసి సెప్పండి” అని యడిగెను. అది యప్పుచీటి. తీసికొన్నది మూడువందల రూపాయలు. మూడు పంటల పసుపు వర్తకునకు తూచి యిచ్చిన పిమ్మటగూడ బాకీ యైదువందలని వ్రాసియుండెను. చదివి చెప్పితిని. అతడు తలయూచి, కాగితమును చెఱగున ముడివైచుకొని వెడలిపోయెను. ఆ లెక్క యన్యాయమని నాకు దెలియును గాని, ఆ మాట యెవరితో చెప్పవలయునో తెలియలేదు. నేటి ప్రసంగము ఆ “యెవరితో” అను దానిని గూర్చియే.

వడ్డీకి మేర యుండవలెననుట మన దేశమున క్రొత్తమాట కాదు. అసలును వడ్డీయు గలిసి రెట్టింపును మించరాదని మనుస్మృతి యష్టమాధ్యాయమున గలదు. 1917లో మద్రాసు ప్రభుత్వము గంజాము, విశాఖపట్నము, గోదావరి ఏజెన్సీలకు వడ్డీనిగూర్చియు భూముల బదిలీనిగూర్చియు ఒక చట్టము చేసెను. దాని ప్రకారము కొండజాతివారి యప్పుపై సాలుకు నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ చెల్లదు. మొత్తము వడ్డీ యసలును దాటరాదు. ఏజెంటు అనుమతి లేక వారి భూమి పరులపాలు గారాదు. మంచి చట్టమే. కాని యా చట్టము కోర్టుకెక్కిన యప్పునే చూడగలదు. కొండవాడు కోర్టుకు పోడు. సాహుకారును పోడు; పంటనాడు సరాసరి కళ్లములోనికే వచ్చును. అందుచేతనే 1940లో, అప్పునకు మనిషి యొడలినే తాకట్టుపెట్టు దురాచారమును మాన్పుటకు వేఱొక శాసనము గావలసివచ్చెను. 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడి అడవిసరకు కొనుటకు పూనుకొన్నది. దానివలన కలిగిన మేలు తక్కువది కాదు.

తరువాతి కథ మైదానములలో నడచినది. 1992లో నాబార్డు సంస్థ 500 పొదుపు సంఘములను బ్యాంకులతో జతపఱచుటకు ప్రయత్నమారంభించెను. మన రాష్ట్రమున సారా వ్యతిరేకోద్యమమునుండి లేచిన నెల్లూరు స్త్రీలు పొదుపును వ్యాపింపజేసిరి. దీనిని జూచి చిన్న యప్పులిచ్చు సంస్థలు పుట్టినవి. 1996లో హైదరాబాదున బేసిక్సు, మఱుసటి యేట ఎస్.కె.ఎస్. వచ్చినవి. కొన్ని ధర్మసంస్థలు, కొన్ని సహకార సంఘములు, కొన్ని కంపెనీలు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చట్టము. అందఱికిని గలిపి ప్రభుత్వముతో మాటలాడువారు లేరు. ఈ కొఱత తీర్చుటకు 1999లో ఢిల్లీ కేంద్రముగా “సా-ధన్” అను జాతీయ సంఘము వెలసెను. (పేరు వినగానే సంస్కృతము చదివినవారికి సాధనము గుర్తుకు వచ్చును. సాధనమెవరి చేత నున్నదను ప్రశ్నయు వెంటనే వచ్చును.)

సంఘము సభ్యులకు నీతినియమములు వ్రాసినది. వ్రాయదగిన వానిలో ముఖ్యమైనది వడ్డీ చెప్పు విధానము. ఒక స్త్రీ వేయి రూపాయలు తీసికొని, వారమునకు 20 చొప్పున 50 వారములలో అసలు తీర్చుననుకొనుడు. సగము కాలము గడచుసరికి ఆమె చేతిలో మిగిలిన యప్పు ఐదువందలే. వడ్డీ మాత్రము కడవఱకు వేయికి గట్టుదురు. నూటికి 12 అని నోట చెప్పినది నిజమునకు 23 దరిదాపున దేలును. అబద్ధము లేదు, నిజమును లేదు. ఇట్టిది పిల్లవాడు పలకమీద చేసిన, నేను చెవి మెలిపెట్టియుందును.

నియమములు స్వచ్ఛందములు, మీఱినవానిని దండించు బలము సంఘమునకు లేదు. అప్పిచ్చువారే సభ్యులు, వారే కావలివారు. 2006లో కృష్ణాజిల్లాలో కలెక్టరు కొన్ని సంస్థల శాఖలను మూయించెను. 2009లో కంపెనీలు “మైక్రోఫైనాన్స్ ఇన్‌స్టిట్యూషన్స్ నెట్‌వర్క్” అను వేఱొక సంఘము స్థాపించుకొన్నవి. అది నిలద్రొక్కుకొనకమునుపే, ఒకే యింట నాలుగేసి అప్పులు, వారమువారము గుమ్మముకడ వసూళ్లు, ఆత్మహత్యల వార్తలు. 2010 అక్టోబరు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసెను. అందొక నియమము: వడ్డీ యసలును మించరాదు. 1917 నాటి కొండచట్టపు మాట తొంబదిమూడేండ్లకు రాష్ట్రమంతటికిని వర్తించెను! 2011 జనవరిలో మాలేగాం సంఘము సూచించిన వడ్డీ మేరయు నూటికి 24. రిజర్వు బ్యాంకు దానిని 26 జేసెను.

రాష్ట్రమున చెల్లింపులు నిలిచిపోయినవి, సంస్థలు కుదేలైనవి. నా యభిప్రాయమున, సంఘములకు నిజమైన ప్రాణము వచ్చినది ఆ దెబ్బ తరువాతనే. రిజర్వు బ్యాంకు 2014లో నెట్‌వర్కును, 2015లో సా-ధన్‌ను స్వయంనియంత్రణ సంస్థలుగా గుర్తించెను. అనగా సభ్యుల నడవడి చూచి బ్యాంకునకు జవాబు చెప్పవలసిన భారము వానిపై బడెను. వడ్డీ మేర 2022లో తొలగినది. దానికి మాఱుగా కుటుంబపు నెలరాబడిలో సగమునకు మించి వాయిదాలు ఉండరాదను నియమము వచ్చినది. అప్పుకార్డు ఋణగ్రహీతకు దెలిసిన భాషలో నుండవలెననియు, ఫిర్యాదు చేయు చోటు దానిపై నుండవలెననియు గలదు.

మొన్న ఒడిశా సరిహద్దున కవతలినుండి పెదబయలు చుట్టాలింటికి వచ్చిన యొక యువతి అట్టి కార్డును నా యరుగుమీదికి దెచ్చినది. లిపి ఒడియా, నాకు రాదు. ఆమెకును చదువు రాదు. అంకెలు మాత్రము కూడి చూచితిని, లెక్క సరిపోయినది. అడుగున నున్న సంఖ్య యేమని యడిగినది. “తప్పు జరిగితే చెప్పుకోడానికమ్మా” అంటిని. “మా కొండమీద ఫోను పలకదు బాబూ” అని కార్డును మడిచి రవికలో బెట్టుకొన్నది.