సంతకం కింది చరిత్ర
(అమెరికా మూలవాసీ స్త్రీల ఆరోగ్య, భద్రతా ఉద్యమం - ఒక పరిశీలన)

పీడితుల చరిత్ర రాసేటప్పుడు అభ్యుదయ రచయితలమైన మనం తరచూ ఒక పొరపాటు చేస్తుంటాం. పీడన ఎలా జరిగిందో చెప్పగానే మన బాధ్యత తీరిందనుకుంటాం. పీడితులు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారు, ఎదిరించడానికి ఏ నిర్మాణాలు కట్టుకున్నారు అన్నది మన దృష్టికి ఆనదు. ఈ విమర్శ ఇతరుల మీద చేస్తున్నది కాదు. కొన్నేళ్ల కిందట ఒక సాహిత్య పాఠశాలలో అమెరికా మూలవాసుల గురించి మాట్లాడాను. ఊచకోతలు, తుంగలో తొక్కిన ఒడంబడికలు, లాక్కున్న నేలలు అన్నీ చెప్పాను. వలసవాది పెట్టిన "రెడ్ ఇండియన్" అన్న పేరునే ఏ ఇబ్బందీ లేకుండా వాడాను. చివర ఒక విద్యార్థిని లేచి, "వాళ్ల ఆడవాళ్లు ఏడవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదా సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

1

1955లో అమెరికా మూలవాసుల వైద్యాన్ని ఇండియన్ వ్యవహారాల బ్యూరో నుంచి ప్రజారోగ్య శాఖకు మార్చారు. దాన్ని నిర్వహించే సంస్థ పేరు ఇండియన్ హెల్త్ సర్వీసు. భూములు పోగొట్టుకున్న జాతులకు ఒడంబడికల ప్రకారం రావలసిన హక్కు ఈ వైద్యం, దయాధర్మం కాదు. అయితే రిజర్వేషన్‌లో ఉండే పేద స్త్రీకి ఆ ఆస్పత్రి తప్ప వేరే దిక్కు లేదు. వేరే దిక్కు లేని చోట డాక్టరు మాట సలహాగా వినపడదు, ఆజ్ఞగా వినపడుతుంది.

1970లో పేదల కుటుంబ నియంత్రణకు నిధులిచ్చే చట్టం వచ్చింది. ఆ తర్వాత జరిగిన దాని తొలి జాడల్లో ఒకటి ఒక డాక్టరు గదిలో బయటపడింది. 1972లో లాస్ ఏంజిలెస్‌లో 26 ఏళ్ల మూలవాసీ స్త్రీ ఒకామె, తానూ మూలవాసీ అయిన డాక్టర్ కానీ పింకర్టన్-యూరీ దగ్గరికి వెళ్లి, తనకు గర్భసంచి మార్పిడి చెయ్యమని అడిగింది. ఆమెకు 20 ఏళ్ల వయసులోనే గర్భసంచి తీసేశారు. అలాంటి మార్పిడి సాధ్యం కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒక స్త్రీ అజ్ఞానంగా కనిపించే ఈ విషయంలో ఒక వ్యవస్థ నేరం ఉందని ఆ డాక్టరు గ్రహించింది, ఆస్పత్రుల లెక్కలు అడగడం మొదలుపెట్టింది.

మూలవాసుల ఒత్తిడి మీద, దక్షిణ డకోటా సెనేటర్ జేమ్స్ అబూరెజ్క్ కోరగా, అమెరికా పార్లమెంటు తరఫు ఆడిట్ కార్యాలయం విచారణ చేసింది. 1976 నవంబరులో నివేదిక వచ్చింది. ఇండియన్ హెల్త్ సర్వీసు 12 ప్రాంతాల్లో కేవలం 4 ప్రాంతాల లెక్కలు చూస్తే, 1973-76 మధ్య 3,406 సంతాన నిరోధక శస్త్రచికిత్సలు జరిగాయి. 21 ఏళ్ల లోపు వాళ్లకు చెయ్యకూడదన్న నిషేధం ఉన్నా అలాంటివి 36 జరిగాయి. ఇంకా పెద్ద అంచనాలు ప్రచారంలో ఉన్నాయి; కాని శత్రువు సొంత చేతిరాతలో ఉన్న లెక్క మనకు చాలు.

ఆ నివేదికలో గమనించవలసింది మరొకటుంది. అంగీకార పత్రం లేకుండా ఆపరేషన్ చేసిన దాఖలా దొరకలేదని అది చెప్పింది. అంటే ఫైలులో కాగితం ఉంది, కాగితం మీద సంతకమూ ఉంది. కాని ఒప్పుకోకపోతే ప్రభుత్వ సహాయం ఏదీ ఆగిపోదని చెప్పవలసిన వాక్యం ఆ పత్రాల్లో సరిగా లేదు. పరిశీలకులు ఒక్క స్త్రీని కూడా పిలిచి మాట్లాడలేదు. కాగితాన్ని విచారించారు, మనిషిని విచారించలేదు! పాలకవర్గ చరిత్ర రచనా పద్ధతికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఏం కావాలి?

మన దేశంలోనూ అవి ఎమర్జెన్సీ రోజులే. 1976-77 ఒక్క ఏడాదిలో ఇక్కడ 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఆ దేశం మిగులు సంపదల దేశం, మనది కొరతల దేశం. అయినా రెండు చోట్లా పేదరికానికి కారణం పేదల సంతానమేనన్న సిద్ధాంతమే రాజ్యమేలింది.

2

ఈ అనుభవం నుంచే 1970ల్లో "విమెన్ ఆఫ్ ఆల్ రెడ్ నేషన్స్" పుట్టింది. మడోనా థండర్ హాక్, లోరెలై డికోరా మీన్స్ వంటి వాళ్లు దాని నిర్మాతలు. వాళ్లు శస్త్రచికిత్సల గురించి మాత్రమే మాట్లాడి ఊరుకోలేదు. తాగే నీళ్లు, పిల్లల్ని కుటుంబాల నుంచి వేరు చెయ్యడం, భూమి, వీటన్నిటినీ ఒకే సమస్యగా చూశారు. ఆరోగ్యం అంటే మందుబిళ్ల కాదు, జాతి బతికుండడం అన్నది వాళ్ల అవగాహన. ఆందోళన ఫలితంగా 1979 నుంచి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఆపరేషన్‌కు ముందు 30 రోజుల గడువు ఇవ్వాలి, స్త్రీకి అర్థమయ్యే భాషలో వివరించాలి.

ఆరోగ్యం నుంచి భద్రతకు ఎక్కువ దూరం లేదు. దక్షిణ డకోటాలో రోజ్‌బడ్ రిజర్వేషన్‌కు చెందిన లకోటా స్త్రీ టిల్లీ బ్లాక్ బేర్, తానే గృహహింసను అనుభవించి బయటపడిన మనిషి. 1977లో తోటి స్త్రీలతో కలిసి "వైట్ బఫెలో కాఫ్ వుమన్ సొసైటీ" స్థాపించింది. 1978లో వాషింగ్టన్‌లో పౌరహక్కుల కమిషన్ ముందు సాక్ష్యం చెప్పింది. 1980లో ఆ సంఘం దెబ్బలు తిన్న స్త్రీలకు ఆశ్రయ గృహం తెరిచింది. రిజర్వేషన్ నేల మీద అలాంటి ఇళ్లలో అది మొదటిది. స్త్రీని కొట్టడం తమ సంప్రదాయం కాదని, అది ఓడిపోయిన జాతి మీద విజేత రుద్దిన అలవాటని వాళ్లు వాదించారు. సంప్రదాయాన్ని పురుషాధిక్యానికి కవచంగా కాక, దాని మీద ఆయుధంగా వాడుకున్నారు. సంప్రదాయం మొత్తాన్ని ఒక్క దెబ్బతో తోసిపుచ్చే మన విమర్శకులు దీన్ని జాగ్రత్తగా ఆలోచించాలి.

ఆ 1978లోనే చట్టం వాళ్ల కాళ్ల కింది నేల లాగేసింది. ఒలిఫాంట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, మూలవాసీ జాతుల న్యాయస్థానాలకు బయటి వాళ్లను నేర విచారణ చేసే అధికారం లేదని తీర్పు చెప్పింది. దీని అర్థం సామాన్యమైనది: బయటి నుంచి వచ్చినవాడు రిజర్వేషన్‌లో స్త్రీ మీద చెయ్యి చేసుకుంటే ఆ జాతి కోర్టు వాణ్ణి ఏమీ చెయ్యలేదు. దూరాన ఉన్న ఫెడరల్ అధికారికి తీరిక ఉండాలి. 2016లో ప్రచురించిన ప్రభుత్వ అధ్యయనం ప్రకారం ఆ దేశపు మూలవాసీ స్త్రీల్లో ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా జీవితంలో ఏదో ఒక హింసకు గురయ్యారు. లైంగిక హింసకు గురైనవాళ్లలో అత్యధికులు తమ మీద దాడి చేసినవాళ్లలో ఇతర జాతుల వాళ్లు ఉన్నారని చెప్పారు. ఈ కన్నాన్ని కొంత పూడ్చడానికి 35 ఏళ్లు పట్టింది. 2013 చట్టం గృహహింస కేసుల్లో ఆ అధికారాన్ని తిరిగి ఇచ్చింది. 2022లో లైంగిక దాడి, పిల్లల మీద హింస వంటి నేరాలకు దాన్ని విస్తరించారు. ఈ మార్పు ఆశ్రయ గృహాలు నడిపిన స్త్రీలు ఏళ్ల తరబడి సాక్ష్యాలు చెప్పి సాధించుకున్నది.

3

యాంక్టన్ సూ రిజర్వేషన్‌లో లేక్ ఆండెస్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1988లో కొమాంచీ జాతి స్త్రీ షారన్ అసెటోయర్ నాయకత్వంలో మూలవాసీ స్త్రీల ఆరోగ్య విద్యా కేంద్రం మొదలైంది. దాని పనుల జాబితా చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. మధుమేహం, గర్భిణుల మద్యపానం వల్ల బిడ్డకు కలిగే హాని, ఆశ్రయ గృహం, గర్భనిరోధక మందుల వాడకంపై పరిశీలన, అన్నీ ఒకే చోట. 1990లో దక్షిణ డకోటా రాజధాని పియర్‌లో వివిధ జాతుల నుంచి ముప్పైమందికి పైగా స్త్రీలు సమావేశమై సంతానోత్పత్తి హక్కుల ప్రణాళిక రాసుకున్నారు. బిడ్డలు వద్దనుకునే హక్కుతో పాటు కావాలనుకునే హక్కు కూడా అందులో ఉంది. తెల్లజాతి మధ్యతరగతి స్త్రీవాదం మొదటిదానికే పోరాడింది. కడుపు కోత అనుభవించిన జాతి స్త్రీలు రెండోదాన్ని జోడించారు. 2012లో ఆ కేంద్రం, అత్యాచారం తర్వాత వాడవలసిన అత్యవసర గర్భనిరోధక మాత్ర ఇండియన్ హెల్త్ సర్వీసు దుకాణాల్లో ఎందుకు దొరకడం లేదో నివేదిక రాసింది. 2015లో ఆ సంస్థ తన విధానం మార్చుకోక తప్పలేదు.

ఆక్వెసాస్నేలో మోహాక్ మంత్రసాని కాట్సీ కుక్ చేసిన పని కూడా చెప్పాలి. పక్కనున్న జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ పీసీబీ రసాయనాలు నదిలో కలిశాయి, నది నుంచి చేపల్లోకి వచ్చాయి. మరి తల్లిపాలల్లోకి వచ్చాయా? 1985లో ఆమె మొదలుపెట్టిన చనుబాల పరిశోధనలో తల్లులు కేవలం నమూనాలు కాదు, పరిశోధనలో భాగస్వాములు. బిడ్డకు తొలి పర్యావరణం తల్లి దేహమేనన్నది ఆమె సూత్రం.

4

కెనడాలో ఇదే పోరాటం లెక్క కోసం జరిగింది. 1974లో ఏర్పడిన కెనడా మూలవాసీ స్త్రీల సంఘం 2005 నుంచి "సిస్టర్స్ ఇన్ స్పిరిట్" పేరుతో, హత్యకు గురైన, కనిపించకుండా పోయిన స్త్రీల వివరాలు సేకరించింది. పోలీసు రికార్డులో జాతి రాయకపోతే పత్రికలు వెతికారు, కుటుంబాల దగ్గర కూర్చున్నారు. 2010 నాటికి 582 మంది తేలారు. అదే ఏడాది ఆ పరిశోధనకు ప్రభుత్వ నిధులు ఆగిపోయాయి. ప్రభుత్వ సొమ్ముతో ప్రభుత్వాన్ని ప్రశ్నించే స్వచ్ఛంద సంస్థల వైరుధ్యం ఇది. దీన్ని దాచిపెట్టి వాటిని కీర్తించడం తప్పు. ఈ వైరుధ్యాన్ని చూపించి వాటిని కొట్టిపారెయ్యడం అంతకంటే పెద్ద తప్పు. ఎందుకంటే 2014లో పోలీసులే 1980-2012 మధ్య 1,181 కేసులున్నాయని ఒప్పుకోవలసి వచ్చింది. 2019లో జాతీయ విచారణ సంఘం 231 న్యాయ పిలుపులతో నివేదిక ఇచ్చింది. ఎవరూ లెక్కపెట్టని చావుల్ని మొదట లెక్కపెట్టినవాళ్లు లేకపోతే ఆ విచారణ ఎక్కడిది?

5

ఈ చరిత్రతో మనకేం సంబంధమని అడిగేవాళ్లకు రెండు ఊళ్ల పేర్లు చెబుతాను. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందును స్త్రీల మీద ప్రయోగిస్తుంటే, అది ప్రయోగమన్న సంగతే వాళ్లకు తెలియదని హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. మరుసటి ఏడాది ఇతర స్త్రీ సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2009లో నాటి ఖమ్మం జిల్లా భద్రాచలం తదితర మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలు వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వాళ్లలో హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు ఎందరో. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ టీకా ఎందరి ప్రాణాలో కాపాడగలదు. కాని తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకం చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టారు. నిరసనల మీద 2010లో కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఓక్లహోమాలో ఫైలులో ఉన్న కాగితమూ, భద్రాచలం హాస్టల్ కాగితమూ ఒకే వంశానివి.

ఇక సాహిత్యం మాట. మన కథల్లో ఆదివాసీ స్త్రీ అడవిలో పూలు కోస్తుంది, లేదా అత్యాచారానికి గురై కథ చివర చచ్చిపోతుంది. ఆమె కాగితం చదివించుకుని "ఇందులో ఏం రాశారు?" అని అడిగిన సన్నివేశం ఎన్ని కథల్లో ఉంది? ఆశ్రయ గృహం తాళాలు నడుముకు కట్టుకుని అర్ధరాత్రి తలుపు తీసే స్త్రీ ఎన్ని నవలల్లో నాయిక అయింది? కరుణ రసం పేరుతో మనం వాళ్ల నోరు నొక్కేస్తున్నామేమో ఆలోచించాలి. బాధితురాలి గురించి రాయడం సులభం. నిర్వాహకురాలి గురించి రాయాలంటే ఆమె పని తెలుసుకోవాలి, లెక్కల పుస్తకం చూడాలి, ఆమె రాజీల్నీ ఓటముల్నీ అర్థం చేసుకోవాలి. అది శ్రమ. అయితే వాస్తవికత ఎప్పుడూ శ్రమే కదా.

ఆ విద్యార్థినికి నేనిప్పుడు చెప్పగల జవాబు ఇది: ఏడిచారమ్మా. ఏడుస్తూనే లెక్క రాశారు, ఇల్లు కట్టారు, పాలు పరీక్ష చేశారు, చట్టం మార్చారు. ఆ పని తెలియకుండా ఏడుపు గురించి మాత్రమే చెప్పడం నాదే తప్పు.